సర్ ఆర్థర్ కాటన్ దొరగారు: గోదావరి జమాఖర్చులు

శతవార్షిక సంచికకు మా సంఘం పక్షాన ఒక వ్యాసం పంపవలసినదిగా కోరినప్పుడు, సర్ ఆర్థర్ కాటన్ దొరగారి జీవితం వ్రాస్తామని మేము చెప్పాము. సంఘ పెద్దల్లో ఒకరిద్దరు ఆశ్చర్యపోయారు. ధవళేశ్వరం ఎక్కడ, గోదావరిఖని ఎక్కడ? ఆయన కట్టిన ఆనకట్ట నీరు కోస్తా పొలాలకు పారుతుంది గాని మన బొగ్గుబావుల వైపు ఒక్క చుక్కైనా రాదు గదా అన్నారు. మాట నిజమే. అయినా మేము పట్టు విడువలేదు.

మేము పట్టుబట్టడానికి ఒక కారణం ఇసుక. భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన తరువాత మిగిలే ఖాళీని గోదావరి ఇసుకతో నింపడం ఈ ప్రాంతంలో ఎన్నో ఏళ్లు సాగింది. ఏటి ఇసుకను బంకర్లలో పోసి, నీటితో కలిపి, గొట్టాల గుండా లోపలికి దింపుతారు. నీరు ఓడ్చుకుపోగా ఇసుక బిగిసి పైకప్పును మోస్తుంది. ఈ స్టోయింగు పనిలో జీవితమంతా గడిపినవారు మా సంఘంలో ఉన్నారు. వట్టి ఇసుక ఇంత బరువును ఎలా మోస్తుందని కొత్తగా పనిలో చేరిన కుర్రవాడు తప్పక అడుగుతాడని వారు చెబుతారు. నూట ఎనభై ఏళ్ల క్రిందట ఇదే గోదావరి ఇసుక ముందు నిలబడి ఇదే ప్రశ్న వేసుకొని, జవాబుగా ఒక గోడ కట్టినవాడు కాటన్.

ఇంకొక కారణమూ ఉన్నది. ఆయన గోదావరి కథ ధవళేశ్వరంతో ముగియలేదు. అక్కడి నుండి ఎగువకు భద్రాచలం, దుమ్ముగూడెం దాటి, మనకు దిగువనున్న కాళేశ్వరం వరకు, ఆపైన ప్రాణహిత వెంట వార్ధా లోయ వరకు పడవలు నడపాలని ఆయన సంకల్పించారు. ఆ సంకల్పం మన అడవుల్లోనే ఓడిపోయింది. గెలిచిన ఆనకట్ట గురించి చాలామంది వ్రాశారు. ఓడిన పని గురించి వ్రాసినవారు తక్కువ. రెండింటినీ ఒకే పద్దు పుస్తకంలో ప్రక్కప్రక్కన వేసి చూడాలని మా కోరిక.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. హెన్రీ కాల్వెలీ కాటన్ గారికి ఆయన పదవ కుమారుడు. పదిహేనవ ఏట అడిస్కోంబులోని ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చేరి, ఇంజనీరింగు దళంలో ఉద్యోగం పొంది, 1821లో మద్రాసు చేరారు. 1824లో మొదలైన మొదటి బర్మా యుద్ధంలో పనిచేశారు. యౌవనంలోనే దృఢమైన విశ్వాసి అయ్యారు. ఆ విశ్వాసం ఆయనను మెత్తని మనిషిగా మార్చలేదు. పై అధికారులతో తగవు పడడంలో, తాను నమ్మినదాన్ని పదే పదే చెప్పి విసిగించడంలో ఆయనకు సాటి లేరు. ఆ పట్టుదలే ఆయనకు మేలు చేసింది, కీడూ చేసింది.

ఆయనకు అసలు చదువు చెప్పిన బడి కావేరి నది. తంజావూరు రైతుల పొలాలు అప్పటికి ఎండిపోతూ ఉన్నాయి. శ్రీరంగానికి ఎగువన కావేరి రెండుగా చీలి, కొల్లిడం పాయ పల్లంగా ఉండటం వలన నీరంతా అటే పోయి, కావేరి పాయ ఇసుకతో పూడిపోతున్నది. కాటన్ 1836లో కొల్లిడం మీద ఎగువ, దిగువ ఆనకట్టలు కట్టించారు. అంతకు ముందు ఆయన చాలాకాలం కల్లణైని పరిశీలించారు. కరికాల చోళుడు కట్టించినదని చెప్పుకొనే ఆ పురాతన కట్టడం, అడుగు దొరకని ఇసుక మీద శతాబ్దాల తరబడి ఎలా నిలిచిందో ఆయనకు మొదట అంతుబట్టలేదు. పరీక్షించగా తెలిసినది ఇది: పూర్వపు వారు పెద్ద పెద్ద మొరటు రాళ్లను ఏటిలో వేశారు. రాళ్లు ఇసుకలోకి దిగాయి. దిగినకొద్దీ పైన మరికొన్ని వేశారు. ఒకనాటికి దిగడం ఆగిపోయింది. అంతే. తెల్లవారి కళాశాలలో నేర్పని ఈ విద్యను తాము ఈ దేశపు పూర్వులనుండే నేర్చుకున్నామని ఆయన దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. ఆనకట్ట అన్న మన మాటే ఇంగ్లీషు ఇంజనీర్ల పుస్తకాల్లోకి అనికట్‌గా ఎక్కిందన్న సంగతి ఇక్కడ చెప్పుకోవచ్చు.

కొల్లిడం పనిలోనే ఆయనకు మరొక పాఠం కూడా దొరికింది. ఎగువ ఆనకట్ట అనుకున్నదానికంటె ఎక్కువ పనిచేసింది. కావేరిలోకి నీరు మరీ ఎక్కువగా వచ్చి పాయ అడుగు కోసుకుపోసాగింది. కొన్నేళ్ల తరువాత దాన్ని అదుపు చేయడానికి కావేరి ముఖానా అడ్డుగోడ కట్టవలసి వచ్చింది. నదికి ఒకచోట చేయి అడ్డం పెడితే అది ఇంకొకచోట జవాబు చెబుతుంది. ఈ సంగతి మనవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒక పొరలో దిమ్మెలు తీస్తే దాని బరువు ఎక్కడ పడుతుందో గనిలో ఓవర్‌మాన్ చేసిన ప్రతివారికీ తెలుసు.

ఎండ, జ్వరం ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. సెలవు మీద టాస్మేనియా వెళ్లి, అక్కడ 1841లో ఎలిజబెత్ లెర్మంత్ గారిని వివాహమాడారు. తిరిగి వచ్చాక కొంతకాలం విశాఖపట్నంలో ఉన్నారు. అక్కడి నుండి గోదావరి పిలిచింది.

ఆనాటి రాజమండ్రి జిల్లా పరిస్థితిని ఈనాటి కోనసీమను చూచినవారు ఊహించలేరు. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు సీమను శ్మశానం చేసి, గోదావరి తీరాన్ని కూడా కబళించింది. 1839లో సముద్రం పొంగి కోరంగి ప్రాంతాన్ని ముంచింది. 1821లో రమారమి 7 లక్షల 38 వేలున్న జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారన్నమాట. చిత్రమేమంటే ఇదంతా ఏటా వరదతో పొంగిపొరలే నది ఒడ్డున జరిగింది. నీరు అడ్డు లేకుండా సముద్రంలో కలుస్తున్నది, ఒడ్డున మనిషి నీరు లేక చస్తున్నాడు. జిల్లా ఎందుకు చితికిపోయిందో విచారించడానికి వచ్చిన సర్ హెన్రీ మాంట్‌గోమరీ, ఒక మంచి ఇంజనీరును పంపమని ప్రభుత్వానికి వ్రాశారు. కాటన్ వచ్చారు.

1844లోను 1845లోను ఆయన ఇచ్చిన నివేదికలు ఇంజనీరు వ్రాసిన కాగితాల వలె ఉండవు, వకీలు వాదన వలె ఉంటాయి. కంపెనీ వారికి ధర్మం గురించి చెబితే చెవికెక్కదని ఆయనకు తెలుసు. అందుచేత శిస్తు ఎంత పోతున్నదో, నీరు పెడితే ఎంత తిరిగి వస్తుందో పద్దులు వేసి చూపారు. ఆనకట్టకు 4 లక్షల 75 వేల రూపాయలు అవుతుందని అంచనా వేశారు. 1846 చివర లండనులోని డైరెక్టర్లు ఒప్పుకున్నారు. 1847లో ధవళేశ్వరంలో పని మొదలైంది.

అక్కడ గోదావరి నాలుగు పాయలుగా, మధ్య లంకలతో పరచుకొని ఉంటుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఆనకట్ట వచ్చింది. రాతికట్టు పొడవు మొత్తం రమారమి 11,880 అడుగులు, అనగా రెండుంబావు మైళ్లు. ఎత్తు మాత్రం 12 అడుగులే. ఈ ఎత్తును పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. వరదను ఆపడానికి కట్టిన గోడ కాదిది. వరద దీని నెత్తి మీదుగా పోతుంది. వరద తగ్గిన తరువాత నీటిమట్టాన్ని కాలువల ముఖం దాకా ఎత్తి పట్టుకోవడమే దీని పని. క్రింద గట్టి నేల లేదు, ఇసుకే. ఆ ఇసుకలో చిన్న బావులు దింపి, వాటిని నింపి, వాటి మీద గోడ కట్టి, దిగువ వైపు పొడుగునా మొరటు రాళ్లు పరిచారు. కల్లణై పాఠమే.

అడిగినంతమంది ఇంజనీర్లు ఆయనకు దొరకలేదు. ఒకరిద్దరు యువ అధికారులు, కొద్దిమంది శిష్యులు వచ్చారు. ఈ లోటును తీర్చినవారిలో వీణం వీరన్న గారి పేరు మనం మరువకూడదు. కూలీలను కూర్చడం, నిలబెట్టడం, తెలుగు దేశపు పద్ధతులు తెలిసి పని నడిపించడం ఆయన వంతు. ఆయన సాయాన్ని కాటన్ బహిరంగంగా మెచ్చుకున్నారు. దొరల విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. వీరన్న గారి పేరు చెబితే తెలియనివారే ఎక్కువ. ధవళేశ్వరం కొండ నుండి రాయి కొట్టి, పట్టాలు వేసి, బండ్ల మీద ఏటిలోకి దింపారు. పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో పదివేల మంది దాకా అక్కడ ఉన్నారు. నర్సాపురం ప్రాంతంలో 1836 నుండి సువార్త చెబుతున్న బౌడన్, బీర్ దొరలకు ఈ కూలీల గుడిసెల్లోనే వినేవారు దొరికారు. గోదావరి డెల్టాలోని మాల, మాదిగ సంఘాల పుట్టుక కథలో ఈ రాళ్లు మోసిన చేతులు ఉన్నాయి. ఆనకట్ట చరిత్ర వ్రాసేవారు సాధారణంగా ఈ మాట వ్రాయరు.

1848లో కాటన్ ఆరోగ్యం మళ్లీ చెడి ఆస్ట్రేలియా వెళ్లవలసి వచ్చింది. ఆయన లేని కాలంలో ఓర్ అనే అధికారి పని నడిపారు. 1850లో తిరిగి వచ్చి 1852లో ముగించారు. ఆ వెంటనే హేగ్ అనే యువ అధికారి గన్నవరం వద్ద నది పాయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టును 49 కమానులతో ఒకే వేసవిలో కట్టించారు. వరద వచ్చేలోపు ముగించకపోతే కట్టినదంతా కొట్టుకుపోతుంది. అందుకే ఆ తొందర. ఈ హేగ్ గారు మన కథలోకి మళ్లీ వస్తారు.

ఆనకట్ట ఏమి ఇచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. దాని మూడు డెల్టాల ఆయకట్టు నేటికి పది లక్షల ఎకరాలు. 1876-78 ధాత కరువులో దక్షిణ దేశం అల్లాడుతున్నప్పుడు గోదావరి డెల్టా తాను తిని, ఇతరులకు ధాన్యం పంపగలిగింది. స్నానం చేసి సంకల్పం చెప్పుకునేటప్పుడు కాటన్ దొరను కూడా తలుచుకునే బ్రాహ్మణులు అక్కడ ఉండేవారని పెద్దలు చెబుతారు. విదేశీయుడైన క్రైస్తవునికి ఇంతకంటె పెద్ద మర్యాద ఏముంటుంది?

అయితే ఖర్చు వైపు కూడా చూడాలి. రూపాయల ఖర్చు అంచనాను మించిపోయింది. అది చిన్న సంగతి. రాయి ఖర్చు ఆగలేదు. చౌకగా, త్వరగా కట్టాలని ఆయన తెలిసి తెలిసి ఎన్నుకున్న పద్ధతి అది. గోడ కట్టడానికి తక్కువ, నిలబెట్టడానికి ప్రతి ఏడూ ఎంతో కొంత. వరద పోయాక జారిన చోట మళ్లీ రాళ్లు వేయాలి. తరువాతి ఇంజనీర్లు ఎత్తు పెంచారు, మీద తలుపులు అమర్చారు. చివరకు పాత గోడ వృద్ధాప్యానికి వచ్చి, దానికి ఎగువన 1970లో మొదలుపెట్టి 1982లో కొత్త బ్యారేజీని ముగించి దానికి ఆయన పేరే పెట్టారు. ఇక నది సంగతి. సముద్రం నుండి ఎదురీదే పులస చేపకు ఆ గోడ దాటే దారి లేదు. ఈనాడు పులస రుచిని ధవళేశ్వరం దిగువవారే ఎరుగుదురు, మనకు పేరు మాత్రమే తెలుసు. ఇంకొక ఖర్చు ఉన్నది. దాన్ని ఎవరూ పద్దులో వ్రాయలేదు. ఒకే నది, రెండు ప్రభుత్వాలు. దిగువన కంపెనీ వారి రాజ్యంలో నీరు పంట అయింది. ఎగువన నిజాం రాజ్యంలో, మన ఒడ్డున, నది లోతుగా పారుతూ పోయింది, పొలాలు వాన వైపు చూస్తూనే ఉన్నాయి. ఇది కాటన్ తప్పు కాదు. కాని ఆ తేడా మన తాతలు, మన తండ్రులు అనుభవించినదే. 1963లో పోచంపాడుకు పునాదిరాయి పడేదాకా ఈ వైపు గోదావరికి పెద్ద కట్టడమంటూ లేదు.

ఇప్పుడు ఓడిన పని దగ్గరకు వద్దాము.

ఇంగ్లండు మిల్లులకు పత్తి కావాలి. బీరారు, నాగపూరు ప్రాంతపు నల్లరేగడిలో పత్తి పండుతుంది. బండ్ల మీద బొంబాయికి చేర్చడం చాలా కష్టం. వార్ధా, ప్రాణహిత, గోదావరి అన్నీ కలిసి కాకినాడ సముద్రానికే పారుతున్నాయి గదా, ఆ నీటి మీదనే ఎందుకు తేకూడదు? ఇది కాటన్ ఆలోచన. ఇంటిపేరే పత్తి అయినవాడు పత్తి గురించి ఇంత శ్రమపడ్డాడని నవ్వుకోవచ్చు గాని ఆలోచనలో బలం ఉన్నది. ఆయన దృష్టిలో కాలువ, రైలు కంటె అన్ని విధాలా మేలైనది. చౌక. బరువైన సరుకు మోస్తుంది. పోతూ పోతూ పొలం తడుపుతుంది. రైలు ఆ పని చేయలేదు.

నదిలో మూడు చోట్ల రాతి పొరలు అడ్డుపడి నీరు సుడులు తిరుగుతుంది. మొదటిది దుమ్ముగూడెం, రెండవది కాళేశ్వరానికి దిగువన ఇచ్చంపల్లి, మూడవది ప్రాణహిత మీద దేవలమర్రి. ఒక్కొక్కచోట ఆనకట్ట కట్టి, ప్రక్కన కాలువ త్రవ్వి, లాకులు పెట్టి పడవలను మెట్టు మెట్టుగా ఎక్కించాలి. ఈ పని గన్నవరం హేగ్ గారి మీద పడింది. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయిన 1861-65 సంవత్సరాల్లో ఈ పనికి గిరాకీ వచ్చింది.

కాని ఈ అడవి ధవళేశ్వరం కాదు. అక్కడ పదివేల మంది కూలీలు ఊళ్ల నుండి నడిచి వచ్చారు. ఇక్కడ ఊళ్లే లేవు. వర్షాలు తగ్గిన నాటి నుండి జ్వరాలు. పనిచేసే నెలలు తక్కువ, వాటిలోనూ సగం మంది పడకలో. కోయలకు ఈ కూలి పని అలవాటు లేదు, అవసరం కూడా లేదు. దిగువ నుండి తెచ్చినవారు నిలవలేదు. మన ప్రాంతంలో తొలిరోజుల గని కార్మికుల కథలు విన్నవారికి ఈ బాధ కొత్తగా తోచదు. ఇదంతా జరుగుతుండగా 1867లో బొంబాయి నుండి రైలు నాగపూరు చేరింది. పత్తికి దారి దొరికింది. అమెరికా పత్తి మళ్లీ వచ్చింది. 1871లో ఎగువ గోదావరి పనులను ప్రభుత్వం వారు పూర్తిగా నిలిపివేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం నిలిచింది. ఇచ్చంపల్లి దగ్గర సగం పని రాళ్లుగా మిగిలింది.

పనికి రాకుండా పోయిన ఆ దుమ్ముగూడెం నుండి మన సంఘ చరిత్రలో ఒక పాయ బయలుదేరింది. హేగ్ గారు అక్కడి కోయలను చూచి, వారికి సువార్త చెప్పేవారు లేరే అని చింతించారు. ఆయన కచ్చేరీలో పనిచేసే వెంకటరామరాజు గారు విశ్వాసి అయి, ఉద్యోగం విడిచి ఆ పనికి పూనుకున్నారు. 1860వ దశకంలో మొదలైన ఆ కోయ మిషనులో తరువాత జాన్ కేన్ గారు చాలాకాలం సేవ చేశారు. పత్తి పడవల కోసం కట్టిన ఊరిలో పత్తి పడవలు ఎన్నడూ తిరగలేదు, గుడి మాత్రం నిలిచింది. ఇందువలన ఎగువ గోదావరి పని సార్థకమైందని మేము అనబోము. జ్వరంతో చచ్చిన కూలీల లెక్క వేరు, సంఘపు లెక్క వేరు. ఒకదానితో ఒకదాన్ని కొట్టివేయరాదు.

1871వ సంవత్సరాన్ని మేము మళ్లీ ఒకసారి చూడమంటాము. పడవల పని ఆగిన ఆ సంవత్సరమే జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ గారు ఇల్లెందు వద్ద బొగ్గు కనిపెట్టారు. తరువాత ఆయన ప్రాణహిత గోదావరి లోయ అంతటి భూగర్భాన్ని పరిశీలించి 1881లో గ్రంథం ప్రకటించారు. కాటన్ ఈ లోయను ఎన్నో ఏళ్లు చూచారు. నీరు చూచారు, ఇసుక చూచారు, రాయి చూచారు, దూరాన ఉన్న పత్తిని కూడా చూచారు. కాళ్ల క్రింద ఉన్న బొగ్గు ఆయన పద్దులో లేదు. ఆయన ద్వేషించిన రైలుకు తిండి పెట్టినది ఆ బొగ్గే. 1929 నాటికి కాజీపేట నుండి బల్హార్షా వరకు రైలు దారి మన రామగుండం మీదుగా పూర్తయింది. పడవలు ఎక్కవలసిన దిక్కుకు గూడ్సు బండ్లు ఎక్కాయి.

కాటన్ ఓటమి ఇదొక్కటే కాదు. 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఆయన ఆలోచన మీద ఆధారపడి తుంగభద్ర నుండి కర్నూలు, కడప వైపు కాలువ త్రవ్వింది. ఖర్చు ఎక్కడికో పోయింది. నల్లరేగడి రైతు, ఏడు మంచిదైతే వానతోనే పండే జొన్నకు పన్ను కట్టి నీరు పెట్టడానికి ఇష్టపడలేదు. 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనవలసి వచ్చింది. ధవళేశ్వరంలో గెలిచిన లెక్కను నేల వేరు, పంట వేరు అయిన చోటికి అలాగే మోసుకుపోవడం ఆయన పొరపాటని మా అభిప్రాయం. 1861లో సర్ బిరుదు పొంది ఇంగ్లండులో స్థిరపడిన తరువాత కూడా ఆయన వాదన మానలేదు. ధాత కరువులో లక్షల ప్రాణాలు పోయినప్పుడు, రైళ్లకు పోసిన ధనంలో కొంత నీటికి పోసి ఉంటే ఇంతమంది చచ్చేవారు కాదని గట్టిగా అన్నారు. 1878లో పార్లమెంటు కమిటీ ఆయనను పిలిచి ప్రశ్నించింది. దేశమంతటి నదులను కాలువలతో కలపాలన్న ఆయన పథకాన్ని కమిటీ మెచ్చలేదు. కరువు విషయంలో ఆయన మాట న్యాయమైనదే. అంకెల విషయంలో ఆయన ఉత్సాహం ముందు పరుగెత్తిందన్నదీ నిజమే.

ఇంతవరకు చదివినవారు, ఇది ఈనాటి మనకెందుకని అడగవచ్చు. మనం ఇటువంటి కట్టడాల నడుమనే బ్రతుకుతున్నాము. 1978లో రామగుండంలో థర్మల్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. నేడది 2,600 మెగావాట్లు. దానికి బొగ్గు మన గనులది, నీరు గోదావరిది. ఎల్లంపల్లిలో 20 టి.ఎం.సి.ల జలాశయం వచ్చింది, ఊళ్లు మునిగాయి. ఓపెన్‌కాస్టు గనులు వచ్చాయి, ఊళ్లు లేచిపోయాయి. కరెంటు దక్షిణ దేశమంతా వెలుగుతుంది. నష్టం మాత్రం కొన్ని ఊళ్ల వారే మోశారు. పరిహారం చేతికి వచ్చిన మనిషి ముఖంలో లాభపడిన కళ మేము ఎక్కువగా చూడలేదు. అయినా ఆ కరెంటు వద్దని, ఆ గనులు వద్దని చెప్పే ధైర్యం మాకు లేదు. మా సంఘంలో ప్రతి యింటి కానుక ఆ జీతాల నుండే వస్తున్నది.

ఆయన పడవలు ఎక్కాలనుకున్న దారిలోనే కాళేశ్వరం ఎత్తిపోతల పథకపు మేడిగడ్డ బ్యారేజీ 2019లో ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21న దాని ఏడవ బ్లాకులో పియర్లు కుంగాయి. ఆ వార్త వచ్చిన ఆదివారం ఆరాధన తరువాత గుడి ఆవరణలో అందరి నోటా కాటన్ పేరే. తెల్లదొర నూట డెబ్బై ఏళ్ల క్రిందట సున్నంతో కట్టినది నిలిచింది, మనవారు సిమెంటుతో కట్టినది కుంగింది అని. ఈ పోలిక వినడానికి బాగుంటుంది గాని న్యాయమైనది కాదు. కాటన్ గోడ పన్నెండడుగులు. వరదను నెత్తి మీద నుండి పోనిచ్చేది, నీటిని ఎత్తుగా నిలువ పెట్టేది కాదు. మేడిగడ్డలో గేట్లు దించి లోతుగా నీరు నిలిపారు. నిలిచిన నీటి ఒత్తిడి వేరు. ఇసుక క్రిందుగా ఆ నీరు వెదికే దారి వేరు. కాటన్ గోడ కూడా ఏటేటా రాయి మింగుతూనే బ్రతికింది. పోల్చవలసినది ఇంకొకటి ఉన్నది. ఇసుక కదులుతుందని ముందుగానే ఒప్పుకొని, వరద పోయిన ప్రతిసారీ వెళ్లి చూచి, జారిన చోట రాయి వేసే అలవాటు ఆయన కట్టడంతో పాటే పుట్టింది. ఆ అలవాటుకు అయ్యే ఖర్చును ఆయన మొదటనే అంగీకరించారు. గనిలో పైకప్పును రోజూ కర్రతో తట్టి చప్పుడు వినే మనవారికి ఇది తెలిసిన విద్యే.

చివరి సంవత్సరాల్లో ఆయన ఇంగ్లండులోని డోర్కింగు పట్టణంలో నివసించారు. తొంభై ఏళ్లు దాటిన తరువాత కూడా పెరటిలో నేలను లోతుగా త్రవ్వించి గోధుమ వేసి, లోతు త్రవ్వితే ఎంత పండుతుందో లెక్కలు కట్టేవారు. ఆనకట్టలు, కాలువలు, పార్లమెంటు కమిటీలు అన్నీ అయ్యాక ఆయన చేతిలో మిగిలినది ఆ చిన్న మడి. 1899 జూలై 24న, తొంభై ఆరేళ్ల వయసులో, ప్రభువునందు నిద్రించారు. మరుసటి సంవత్సరం ఆయన కుమార్తె లేడీ హోప్ ఆయన జీవిత చరిత్రను ప్రకటించారు. జూలై చివర గోదావరికి ఎర్రనీరు వచ్చే కాలం. ఆ రోజుకు ధవళేశ్వరం గోడ మీదుగా నలభై ఏడు వరదలు పోయాయి. ఎగువన ఇల్లెందులో బొగ్గు తీయడం మొదలై పదేళ్లయింది.